కర్మాగారపు సీసము – కడుపులోని శిశువు

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలములో లక్డారము అను గ్రామము కలదు. బొంబాయి రహదారి విడిచి కొంత లోనికి పోయినచో గుట్టలు, ఆ గుట్టలను తొలుచు రాతి గనులు, కంకర మిల్లులు కనబడును. రుద్రారము, ఇస్నాపూరు, పాశమైలారము చేరువనే ఉన్నవి. తెల్లవారుచుండగనే కర్మాగారముల బస్సులు మలుపు మలుపునను ఆగి మనుష్యులను ఎక్కించుకొని పోవును. ఒడిశా, బీహారు రాష్ట్రముల వారును, మన పాలమూరు వారును, స్థానికులును ఒకే వరుస గదులలో కిరాయికి ఉందురు.

మేము మా శాఖ పనిమీద ఆ ప్రాంతమున తిరిగినపుడు అట్టి యొక వరుస గదుల ముందర కొందరు స్త్రీలతో మాట్లాడు అవకాశము కలిగినది. వారిలో ఒకామె నాలుగవ నెల గర్భవతి. ఆమె లోగడ నాలుగేండ్లు వేరొక ప్రాంతమున పాత బ్యాటరీలు పగులగొట్టి సీసపు పలకలు వేరుచేయు షెడ్డులో కూలి చేసినది. ఇపుడు ఆ పని మాని, మందు సీసాలను అట్టపెట్టెలలో సర్దు పని చేయుచున్నది. భర్త మాత్రము ఇంకను సీసము కరగించు పనికే పోవుచున్నాడు. పాత పని సంగతి దవాఖానలో చెప్పితివా అమ్మా అని మేమడుగగా, “అది ఇడిసిపెట్టి రెండేండ్లాయె సారు, ఇంక దాని ముచ్చటెందుకు?” అని ఆమె నవ్వినది. ప్రక్క గదిలో ఉండు మరొకామెకు మూడవ నెల. విద్యుత్ పరికరముల తీగెలకు టంకము వేయు పని ఆమెది. “నేనైతే ఇంకా ఎవలకు చెప్పలే. చెప్తే రేపటి సంది రావద్దంటరు. కిరాయి ఎవలు కడతరు?” అని ఆమె అడిగినది.

ఒకామె ప్రశ్నకు శరీరశాస్త్రము జవాబు చెప్పవలెను. రెండవ ఆమె ప్రశ్నకు చట్టమును, గ్రామమును జవాబు చెప్పవలెను. 2025 డిసెంబరు ఎన్నికలలో క్రొత్తగా బాధ్యత స్వీకరించిన పంచాయతీ సభ్యులలో స్త్రీలు చాలమంది కలరు. వారికి ఈ విషయము మరింత సులభముగ బోధపడునని మా నమ్మకము.

కనబడిన కాలుష్యము, కనబడని కాలుష్యము

పటాన్‌చెరు ప్రాంతమునకు పరిశ్రమలు క్రొత్త కావు. రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము 1960వ దశకమున ఉత్పత్తి ప్రారంభించినది. తరువాతి దశకము నుండి పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము మున్నగు చోట్ల పారిశ్రామికవాడలు వెలసినవి. మందులు, రసాయనములు, రంగులు, ఇనుప సామగ్రి తయారగుచుండెను. వేలాది కుటుంబములకు అన్నము దొరికినది. దానితోపాటు నక్కవాగు రంగు మారినది. ఆ వాగు పోయి మంజీరలో కలియును. పటాన్‌చెరులో వైద్యము చేసిన డాక్టరు ఎ. కిషన్‌రావు వంటివారు రైతులతో కలిసి ఏండ్లతరబడి ఆందోళన సలిపిరి. 1990లో వ్యవహారము సుప్రీంకోర్టునకు పోయినది. 1994లో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రము ఏర్పడినది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఇచ్చటి మట్టిని పరీక్షించి, ఆర్సెనిక్, క్రోమియము మున్నగునవి సహజముగ ఉండవలసిన దానికంటె మిక్కిలి ఎక్కువగ ఉన్నట్లు 2001లో ప్రకటించిరి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశములోని పారిశ్రామిక ప్రాంతములకు మార్కులు వేసినపుడు పటాన్‌చెరు – బొల్లారమునకు 70.07 వచ్చి, అది తీవ్ర కాలుష్య ప్రాంతముల పట్టికలో చేరినది.

ఇది అందరెరిగిన చరిత్ర. వాగు రంగు మారినచో ఊరంతయు చూచును. చేపలు చచ్చినచో పత్రికలవారు వత్తురు. కాని పనిచేయు తల్లి రక్తములోనికి లోహము చేరినచో ఆమె రక్తపు రంగు మారదు. ఆమెకు జ్వరము రాదు. ఒక్కొక్కపుడు ప్రసవము వరకును ఏ బాధయు తెలియదు. ఏ వాగును కాపాడుటకు మన గ్రామములు అంత పోరాడినవో, ఆ శ్రద్ధలో కొంతభాగమైనను ఈ కనబడని ప్రవాహము మీదికి మరల్చవలసియున్నది.

ఇచట ఒక మాట. లక్డారము వంటి గ్రామములలో జనులు దుమ్మనగానే రాతి దుమ్మునే తలచుకొందురు. రాతి దుమ్ము చెడ్డదే. అది ఊపిరితిత్తులలో నిలిచి సిలికోసిస్ అను రోగము తెచ్చును. అది వేరు, మేము చెప్పబోవునది వేరు. అన్ని రోగములను ఒకే గంపలో వేసినచో దేనికిని చికిత్స దొరకదు.

ఏ పనిలో ఏ లోహము

భారలోహములని శాస్త్రజ్ఞులు పిలుచు వానిలో గర్భస్థ శిశువు విషయమున ముఖ్యముగ చెప్పుకొనవలసినవి సీసము, పాదరసము, కాడ్మియము, ఆర్సెనిక్. ఇనుము, జింకు మితముగ శరీరమునకు కావలెను. సీసమునకు, పాదరసమునకు మన శరీరములో చేయవలసిన పని యేదియు లేదు.

సీసము మనకు చిరపరిచితము. చేపల వలల అంచులకు కట్టు గుండ్లు సీసపువి. ఇనుప గేట్లకు తుప్పు పట్టకుండ వేయు ఎర్రరంగులో సీసపు భస్మము వాడుట పూర్వమునుండి ఉన్నది; నిజమైన సిందూరము అదియే. కొన్ని సుర్మాలలోను సీసము ఉండును. కర్మాగారములలో బ్యాటరీలు చేయుట, పాత బ్యాటరీలు విప్పి సీసము కరగించుట, టంకము వేయుట, కొన్ని రంగుపొడులు కలుపుట, పాత రంగు గీకివేయుట, ఇత్తడి పోతపోయుట – ఈ పనులలో సీసపు ధూళియు పొగయు వెలువడును. వీనిలో పాత బ్యాటరీల పని అన్నిటికంటె అపాయకరము. ఏలననగా అనుమతి లేని షెడ్లలో, పొలముల నడుమ, రాత్రివేళ అది జరుగుచుండును. అచ్చట గాలిని పీల్చివేయు యంత్రముండదు, చేతులు కడుగుకొను కుళాయి ఉండదు, ఏ అధికారి పుస్తకమందును ఆ కూలీల పేర్లుండవు.

కాడ్మియము కొన్నిరకముల బ్యాటరీలలోను, లోహపు పూతలలోను, టంకములలోను ఉండును. బంగారు పనివారికి ఇది తెలిసినదే, కె.డి.ఎం. నగ అను మాటకు మూలము కాడ్మియమే. ఆ టంకము కరగునపుడు లేచు పొగలో అపాయమున్నది. పొగాకు మొక్క నేలలోని కాడ్మియమును పీల్చుకొనును గనుక బీడీ, చుట్ట పొగలోను అది కలదు. నికెలు, క్రోమియములతో పూతలు వేయు షెడ్లు, మందుల తయారీలో నికెలు పొడి వాడు కర్మాగారములు కూడ కలవు. అవి చర్మమునకు, ఊపిరితిత్తులకు చేయు కీడు రుజువైనదే కాని, గర్భస్థ శిశువు విషయమున సీసమునకు ఉన్నంత సాక్ష్యము వానికి లేదు. ఉన్నదానికంటె ఎక్కువ చెప్పి జనులను బెదరించుట మా పని కాదు. కావున ఈ వ్యాసములో సీసము గురించియే ఎక్కువగ ముచ్చటింతుము.

ఎముకలలో దాగిన సీసము

పీల్చిన సీసము, తినిన సీసము మొదట రక్తములో చేరును. క్రొత్తగ చేరుట ఆగినచో రక్తములోనిది ఇంచుమించు ఒక నెలలో సగమగును. ఇంతవరకు చూచినచో బ్యాటరీ పని మాని రెండేండ్లైన ఆ ఇల్లాలు చెప్పినది నిజమే. కాని రక్తమునుండి పోయిన సీసమంతయు బయటికి పోలేదు. సీసము సున్నపు ధాతువును, అనగా కాల్షియమును పోలి ప్రవర్తించును. శరీరము మోసపోయి దానిని ఎముకలలో దాచును. వయస్సు వచ్చినవారి శరీరములోని మొత్తము సీసములో 90 శాతమునకు మించి ఎముకలలోనే ఉండును. అచ్చట సగము తగ్గుటకు 10 నుండి 30 ఏండ్లు పట్టును.

గర్భములోని శిశువునకు ఎముకలు కట్టుటకు నెలలు నిండునప్పటికి సుమారు 30 గ్రాముల కాల్షియము కావలెను. అందులో అధికభాగము చివరి మూడు నెలలలోనే కావలెను. తల్లి తినిన ఆహారములో అది చాలనిచో ఆమె ఎముకలు కరగి ఇచ్చును. కాల్షియముతోపాటు, ఎన్నడో దాచియుంచిన సీసమును రక్తములోనికి వచ్చును. బిడ్డ పుట్టిన పిమ్మట పాలిచ్చు కాలమునను ఇదియే జరుగును.

ఇది ఊహ కాదు. ఒక గనిలోని సీసమునకును మరొక గనిలోని సీసమునకును చిన్న భేదముండును; దానినిబట్టి ఏ దేశపు సీసమో చెప్పవచ్చును. తూర్పు ఐరోపా దేశములనుండి ఆస్ట్రేలియాకు వలసవచ్చిన స్త్రీలను ఆ దేశపు శాస్త్రజ్ఞుడు బ్రయన్ గల్సన్, ఆయన సహచరులు 1990వ దశకమున పరీక్షించిరి. ఆ స్త్రీలు గర్భము ధరించినపుడు వారి రక్తములో పెరిగినది తాము విడిచివచ్చిన దేశపు సీసము. సముద్రములు దాటినను అది ఎముకలలో వెంటవచ్చినది. లక్డారములోని ఆ తల్లి షెడ్డును విడిచినది గాని షెడ్డు ఆమెను ఇంకను విడువలేదు.

తల్లికిని బిడ్డకును నడుమ మావి యున్నది గదా, అది వడపోయదా అని మీరడుగవచ్చును. చాల వస్తువులను మావి ఆపును. కాడ్మియమును చాలవరకు తనలోనే నిలుపుకొనును. కాని ఆ ప్రయత్నములో బిడ్డకు చేరవలసిన జింకును కూడ తగ్గించును, బిడ్డ బరువు తగ్గును. సీసమును మాత్రము మావి ఆపలేదు. ఇంచుమించు 12వ వారము నుండి ప్రసవము వరకు అది ధారాళముగ దాటుచుండును. పుట్టిన బిడ్డ బొడ్డుత్రాటి రక్తములో, తల్లి రక్తములో ఉన్న సీసమునకు రమారమి 80 నుండి 90 శాతము ఉండును. ఆర్సెనిక్ కూడ మావిని దాటును. పాదరసపు ఒక రూపమైన మిథైల్ పాదరసము విషయమున తల్లి రక్తములోకంటె బిడ్డ రక్తములోనే ఎక్కువగ ఉండును.

బిడ్డలో కనబడునదేమి

సీసము అధికముగ నున్న తల్లులకు గర్భస్రావములగుట పూర్వమునుండి తెలిసినదే. కనుకనే 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏర్పడిన తొలి సంవత్సరముననే స్త్రీలను, పిల్లలను సీసపు విషమునుండి కాపాడవలెనని సిఫారసు చేసినది. తక్కువ మోతాదులలో గర్భము నిలుచును. కాని నెలలు నిండకముందే ప్రసవమగుట, బిడ్డ రెండున్నర కిలోలకు తక్కువగ పుట్టుట, తల్లికి రక్తపుపోటు పెరుగుట సంభవించును. దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్ట్ పిరీ అను పట్టణములో పెద్ద సీసపు కొలిమి కలదు. అచ్చటి గర్భిణుల రక్తమును పరీక్షింపగా, సీసము ఎక్కువైన తల్లులకు నెలలు నిండని కాన్పులు ఎక్కువగుచున్నట్లు 1986లో తేలినది.

అన్నిటికంటె కష్టమైన సంగతి ఏమనగా, చాలమంది బిడ్డలు చూచుటకు బాగుగనే పుట్టుదురు. దాయి చూచును, డాక్టరు చూచును, కాళ్లు చేతులు సరిగా ఉన్నవందురు. లోపము మెదడులో నుండును. అమెరికాలో బోస్టను నగరమున 249 మంది శిశువుల బొడ్డుత్రాటి రక్తమును పరీక్షించి, రెండేండ్ల వయస్సు వరకు వారి తెలివిని కొలిచిరి. 1987లో ఫలితములు వెలువడినవి. బొడ్డుత్రాటిలో సీసము డెసిలీటరునకు 10 మైక్రోగ్రాములు, అంతకు మించి యున్న బిడ్డలు తక్కినవారికంటె వెనుకబడిరి. డెసిలీటరనగా నూరు మిల్లీలీటర్లు. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. అంత స్వల్పపు లెక్కలో జరుగు వ్యవహారమిది. ఆ తల్లులు బ్యాటరీ షెడ్లలో పనిచేసినవారు కూడ కారు. తరువాత ఆరేడేండ్లకు బడిలో పంతులు “వీనికి చదువు అబ్బదు” అని చెప్పినపుడు, ఆ మాటకు మూలము ఏ షెడ్డులో నున్నదో ఎవరికి తోచును?

జపానులోని మినమాట సంగతి కొందరు వినియుందురు. ఒక రసాయన కర్మాగారము సముద్రములోనికి విడిచిన పాదరసము చేపలద్వారా జనులకు చేరినది. 1956లో రోగము బయటపడినది. అప్పుడే పుట్టిన కొందరు బిడ్డలు మెడ నిలుపలేక, మాటరాక ఉండిరి. వారి తల్లులలో చాలమంది ఆరోగ్యముగనే కనబడిరి. అందుచే అది పాదరసపు పని కాదని వాదించినవారు కలరు. డాక్టరు హరాడా మసాజుమి పట్టు విడువక పరిశోధించుచు వచ్చెను. 1962లో అది గర్భములోనే సోకిన విషమని అంగీకరింపబడినది. జపానువారు బిడ్డ బొడ్డుత్రాటిని ఎండబెట్టి చిన్న పెట్టెలో దాచుకొందురు. ఆ దాచిన బొడ్డుత్రాళ్లను తరువాత పరీక్షింపగా వానిలో పాదరసము లెక్కకు దొరకినది. మన ఇండ్లలోను బిడ్డ బొడ్డును తాయెత్తులో పెట్టి మొలకు కట్టు ఆచారము ఉన్నది గదా.

కూలియా, బిడ్డయా అను ప్రశ్న

ఇక రెండవ ఆమె మాట. గర్భిణులను ఇట్టి పనులనుండి తొలగించినచో సరిపోవునని చాలమంది అనుకొందురు. అంత సులభము కాదు. అమెరికాలో జాన్సన్ కంట్రోల్స్ అను బ్యాటరీల సంస్థ 1982లో, బిడ్డలను కనగల స్త్రీలెవ్వరును సీసపు పనిలో ఉండరాదని నియమము పెట్టినది. ఉద్యోగము పోకుండుటకై ఒక స్త్రీ సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించుకొనినది. అదే సంస్థలో ఒక పురుషుడు, తాను తండ్రి కాదలచితిననియు, రక్తములో సీసము తగ్గువరకు సెలవు ఇమ్మనియు కోరగా ఇవ్వలేదు. 1991 మార్చి 20న ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ నియమము చెల్లదని తీర్పు చెప్పినది. గాలిని శుభ్రము చేయవలసిన భారమును యజమాని స్త్రీ గర్భముపైకి నెట్టరాదు. సీసము పురుషుని వీర్యమును కూడ చెరచును గనుక, స్త్రీలను పంపివేసి పురుషులను నిలిపినంతమాత్రమున షెడ్డు మంచిది కాదు.

మన దేశమున 1948 నాటి కర్మాగారముల చట్టము అపాయకరమైన పనులలో స్త్రీలను నియమింపకుండ నిషేధించు అధికారమును రాష్ట్ర ప్రభుత్వములకు ఇచ్చియుండెను. సీసపు విషము సోకినట్లు కనుగొనిన డాక్టరు ఆ సంగతిని అధికారులకు వ్రాయవలెనని కూడ అందులో ఉండెను. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టము స్థానమున వృత్తిపర భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల స్మృతి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము స్త్రీలు అన్ని రకముల పనులలోను చేరవచ్చును. పని వారికి అపాయకరమని ప్రభుత్వము తలచినచో ముందుగ తగిన రక్షణ కల్పింపుమని యజమానిని ఆదేశింపవచ్చును. సీసపు విషమును తెలియజేయవలసిన రోగముల పట్టికలోనే ఉంచిరి.

ప్రసూతి సెలవు 1961 చట్టములో 12 వారములుండగా 2017 నుండి మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారములైనది. గర్భము కారణముగ పనినుండి తొలగించుట నేరము. ఇ.ఎస్.ఐ. ఉన్నచో వేతనము ఆ సంస్థ ఇచ్చును. ఇవన్నియు మంచివే. కాని ఒక లోటు చూడుడు. గర్భిణి కోరినచో శ్రమతో కూడిన పని చెప్పరాదను నియమము ప్రసవమునకు పూర్వపు ఆరు వారములకు ముందున్న ఒక నెలకే వర్తించును. అనగా ఏడు నెలలు నిండినప్పటి మాట. సీసము మావిని దాటుట మూడవ నెలలోనే మొదలైనది. చట్టము చేసినవారు బరువులెత్తు పనిని తలచిరి కాని ధూళిని తలచలేదు. చట్టము మారువరకు ఈ నాలుగైదు నెలల సందును పూడ్చవలసినవారు ఎవరు? దగ్గర నున్నవారే, అనగా ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం., వార్డు సభ్యుడు, సర్పంచి.

పంచాయతీ చేయగలిగిన పని

మొట్టమొదట ఒక ప్రశ్న అడుగుట నేర్పవలెను. గర్భిణి పేరు నమోదైనపుడు మాతా శిశు సంరక్షణ కార్డులో బరువు, రక్తపుపోటు, రక్తములోని హిమోగ్లోబిను వ్రాయుదురు. ఆమె ఏ పని చేయుచున్నది, లోగడ ఏ పని చేసినది, భర్త ఏ పని చేయుచున్నాడు అని అడిగి, ఆ కార్డు మీదనే ఒక మూల వ్రాసినచో ఖర్చు లేదు. “కంపెనీ పని” అని వ్రాసినచో ఏమియు వ్రాయనట్లే. కంపెనీలో చేతితో ముట్టు వస్తువేది, పొగ వచ్చునా, పొడి లేచునా అని అడుగవలెను. మూడవ నెలలోనే ఈ ప్రశ్న అడుగవలెను. వీలైనచో క్రొత్తగ పెండ్లియైన వారినే అడుగవలెను.

సీసపు పని ఉన్నదని తేలినచో రక్తపరీక్ష చేయింపవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఇది సాధారణముగ జరుగదు. డాక్టరు చీటీ వ్రాసి నమూనాను పెద్ద ప్రయోగశాలకు పంపవలెను. ప్రతి నెల 9వ తేదీన గర్భిణులకు డాక్టరు పరీక్ష జరుగు ఏర్పాటు 2016 నుండి ఉన్నది; ఆ దినమున అడుగుట సులభము. ఏ స్థాయి సీసమును క్షేమకరమని చెప్పుటకు వీలులేదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, డెసిలీటరునకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి కనబడినచో సీసము ఎచ్చటినుండి వచ్చుచున్నదో కనుగొని ఆపవలెనని చెప్పినది. సీసమును రక్తమునుండి తీసివేయు మందులు కలవు కాని గర్భిణికి అవి ఎక్కువ స్థాయిలో మాత్రమే, నిపుణుని సలహాతో మాత్రమే ఇత్తురు. నాటుమందులతో విషము విరుగునని చెప్పువారి మాట వినరాదు. కొన్ని భస్మములలో సీసమే ఉండును.

పరీక్ష ఫలితము వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. ఎముకలనుండి సీసము కరగి రాకుండుటకు కాల్షియము సాయపడును. మెక్సికో నగరమున గర్భిణులకు దినమునకు 1200 మిల్లీగ్రాముల కాల్షియము ఇచ్చి చూడగా రక్తములోని సీసము సగటున 11 శాతము తగ్గినట్లు 2009లో ప్రకటించిరి. మన ప్రభుత్వ దవాఖానలలో నాలుగవ నెలనుండి కాల్షియము బిళ్లలు ఇచ్చు ఏర్పాటున్నది. చాల ఇండ్లలో అవి గూటిలో దుమ్ముపట్టి ఉండుట మేము చూచితిమి. ఇనుము బిళ్లలు కూడ మ్రింగవలెను, ఏలననగా శరీరములో ఇనుము తక్కువైనచో సీసము ఎక్కువగ ఇముడును. కాని ఈ రెండు బిళ్లలను ఒకే వేళ మ్రింగరాదు; ఒకటి పగలు, ఒకటి రాత్రి అనుకొనిన చాలును. రాగి అంబలి, పాలు, పెరుగు, ఆకుకూరలు, నువ్వులు మంచివి. ఖాళీ కడుపున సీసము ఎక్కువగ ఒంటబట్టును గనుక పనికి పోవునపుడు తిని పోవలెను.

ఇచట ఒక చిక్కు ఉన్నది. 2015 జనవరి 1న ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకము క్రింద గర్భిణికి అంగన్‌వాడీలో మధ్యాహ్న భోజనము, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇత్తురు. అచ్చటనే తినవలెనని నియమము. ఉదయము ఏడింటికి బస్సెక్కి సాయంత్రము వచ్చు స్త్రీకి ఆ పాలు ఎట్లు అందును? ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అందుట లేదు. వేళ మార్చుటయో, ఇంటికి ఇచ్చుటయో చేయుడని పంచాయతీ తీర్మానము చేసి అధికారులకు పంపవచ్చును. కూర్చుండి ఆలోచించినచో మరి కొన్ని మార్గములు మీకే తోచును.

భర్త బట్టల సంగతి వేరుగ చెప్పవలెను. సీసపు పని చేయువాడు అదే అంగీతో ఇల్లు చేరి, పెద్దబిడ్డను ఎత్తుకొని, ఆ అంగీని గర్భవతియైన భార్య చేతికి ఉతుకుటకు ఇచ్చును. ఆమె దానిని ముందు దులుపును. షెడ్డు మొత్తమును ఆ దులుపులో ఇల్లు చేర్చినట్లే. పనిచోటనే స్నానము చేసి బట్టలు మార్చుకొనుటకు యజమాని ఏర్పాటు చేయవలెను. అది లేనిచోట, బట్టలను దులుపక నేరుగ బకెట్టు నీటిలో వేసి, వేరుగ ఉతికి, ఆ నీటిని తాగునీటి బావికి, కూరగాయల మడికి దూరముగ పారబోయవలెను. ఇల్లు పొడి చీపురుతో ఊడ్చుట మాని తడిబట్టతో తుడువవలెను.

బిడ్డ పుట్టిన పిమ్మట పాలు మాన్పింపరాదు. ఈ మాట గట్టిగ చెప్పుచున్నాము. ఏలననగా సీసమనగానే భయపడి డబ్బా పాలకు మళ్లువారు కలరు. తల్లి రక్తములోని సీసములో మిక్కిలి స్వల్పభాగమే పాలలోనికి వచ్చును. రక్తములో డెసిలీటరునకు 40 మైక్రోగ్రాములకు మించినచో మాత్రము డాక్టరు సలహా తప్పదు.

అనుమతి లేని బ్యాటరీ షెడ్డు మీ ఊరి పొలములలో వెలసినచో సంగతి వేరు. 2022 నాటి బ్యాటరీల వ్యర్థముల నియమముల ప్రకారము నమోదు లేనివారు ఆ పని చేయరాదు. కాలుష్య నియంత్రణ మండలికి, కర్మాగారముల తనిఖీ అధికారికి పంచాయతీ తీర్మానపు ప్రతిని పంపుడు. షెడ్డునకు భూమి కౌలుకిచ్చినది తరచు ఊరి పెద్దయే అయియుండును; అక్కడనే తీర్మానములు ఆగిపోవుచున్నవి. ఇది మేము వినినదే కాదు, చూచినది కూడ. షెడ్డు మూతపడినపుడు అచ్చటి కూలీల పేర్లు వ్రాసికొని వారికి రక్తపరీక్ష చేయించుట మరువరాదు. లేనిచో వారు మరొక ఊరి పొలమునకు పోయి అదే పని చేయుదురు, వారి ఎముకలలోని లెక్క ఎవరికిని తెలియదు.

పనిచేయు చోట గర్భిణిని టంకపు బల్లనుండి అట్టపెట్టెల బల్లకు మార్చుట, అదే కూలితో మార్చుట, యజమానికి పెద్ద కష్టము కాదు. ఆమె ఒక్కతె పోయి అడిగినచో కాదనువాడు, సర్పంచియు ఆశా కార్యకర్తయు డాక్టరు చీటీతో కలిసి పోయి అడిగినచో కొంత ఆలోచించును. చీటీలో “గర్భవతి, సీసపు పొగ తగులరాదు” అని ఒక్క వాక్యము ఉండిన చాలును.

మేము తిరిగి వచ్చునాటికి లక్డారమున ఆ టంకపు పని చేయు ఆమె అట్టి చీటీ ఒకటి తెచ్చుకొని కొంగున ముడివేసికొనియుండెను. ఇంకను చూపలేదట. వచ్చు సోమవారము ప్రక్కింటామెను, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకొని పోదునని చెప్పినది. బ్యాటరీ పని మానిన ఇల్లాలు తన కార్డు మూలన పాత పని సంగతి వ్రాయించుకొనినది. నెల 9వ తేదీన రక్తము తీయుదురు. ఆమె భర్త అంగీ వాకిట బకెట్టులో నానుచుండెను.